గడప లోపలి పొగ

మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి బిస్మిల్లా అని ఖర్జూరం నోట్లో వేసుకుంటాడు. రెండు గుక్కలు షర్బత్ తాగుతాడు. జమాఅత్‌తో నమాజు చేసి మసీదు మెట్లు దిగుతాడు. దిగీ దిగగానే చెయ్యి జేబులోకి పోతుంది. అగ్గిపుల్ల వెలుగుతుంది. రమజాన్ నెలలో ఏ ఊళ్లోనైనా ఈ దృశ్యం మనకు కొత్త కాదు. ఆకలిని, దాహాన్ని, కోపాన్ని జయించి వచ్చిన మనిషి వేలెడంత కాగితం గొట్టం ముందు ఓడిపోవడం మనం ఏటా చూస్తున్నాం. చూసీ చూడనట్టు పోతున్నాం.

మా చిన్నతనంలో మా ఇంట్లోనూ ఇదే జరిగేది. మా దాదాకు చార్మినార్ సిగరెట్ అలవాటు. రోజాలు మాత్రం ఒక్కటి కూడా వదిలేవారు కాదు. ఇఫ్తార్ అయ్యాక వసారాలో మంచం మీద కూర్చుని, చిల్లర మా చేతిలో పెట్టి, ‘పరుగెత్తికెళ్లి రెండు చార్మినార్లు పట్రా’ అని పంపేవారు. ఆ పని ఎవరికి దక్కుతుందా అని పిల్లలమంతా పోటీ పడేవాళ్లం. ఆయన సిగరెట్ వెలిగించి కథ మొదలుపెడితే చుట్టూ చేరేవాళ్లం. దాదీ పక్కనే కూర్చుని మరునాటి సహరీకి బియ్యం ఏరుకునేది.

దాదీ జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టలేదు. అయినా దగ్గు ఆమెకే వచ్చింది. మొదట జలుబు అన్నారు, తర్వాత వయసు అన్నారు. కషాయాలు తాగించారు. చివరకు పట్నం తీసుకెళితే అక్కడి డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి రెండు ప్రశ్నలు అడిగారు. ‘వంట కట్టెల పొయ్యి మీదేనా?’ అవునన్నాం. ‘ఇంట్లో పొగ తాగేది ఎవరు?’ ఆ ప్రశ్నకు ఎవరమూ జవాబు చెప్పలేదు. దాదా నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

ఈ వారం ఈ పేజీలో మేము మాట్లాడదలచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే.

‘నా డబ్బు, నా ఒళ్లు’

పొగ తాగేవారిని ఎవరైనా వారిస్తే తరచుగా వినిపించే మాట ఒకటుంది. ‘నా డబ్బు, నా ఒళ్లు. మధ్యన మీకేం?’ అంటారు. ఈ మాటలో నిజమెంతో ముందుగా చూద్దాం.

సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు బయటపెట్టారు. ఆ రోజుల్లో డాల్ గారు స్వయంగా సిగరెట్ తాగేవారు. తాను సేకరించిన లెక్కలు తానే చూసి మానేశారు. 1951లో వారు అక్కడి డాక్టర్లకే ఉత్తరాలు రాసి, వారి అలవాట్లు నమోదు చేసుకుని, 34 వేల మందికి పైగా మగ డాక్టర్ల ఆరోగ్యాన్ని 50 ఏళ్లపాటు గమనించారు. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. జీవితాంతం పొగ తాగినవారు, తాగనివారి కంటే సగటున పదేళ్లు ముందు కన్నుమూశారు. ఇందులో ఊరటనిచ్చే సంగతి కూడా ఉంది. 60వ ఏట మానినవారికి దాదాపు 3 ఏళ్లు, 50వ ఏట మానినవారికి 6 ఏళ్లు, 40వ ఏట మానినవారికి 9 ఏళ్ల ఆయుష్షు దక్కింది. 30వ ఏటే మానినవారు దాదాపు నష్టమంతా తప్పించుకున్నారు. ‘ఇంత వయసొచ్చాక మానితే ఏం లాభం?’ అనే పెద్దలకు ఈ లెక్కే జవాబు.

సిగరెట్ పొగలో 7 వేలకు పైగా రసాయనాలున్నాయి. వాటిలో కనీసం 69 క్యాన్సర్ కారకాలని తేలింది. క్యాన్సర్ ఒక్కటే కాదు. గుండెపోటు, పక్షవాతం, ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు, వీటన్నిటికీ ఈ పొగ దారి తీస్తుంది. మానకుండా తాగేవారిలో సగం మంది దాకా దానివల్లనే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సిగరెట్ హానికరం గానీ బీడీ ఆకుది కాబట్టి ఫరవాలేదు అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. 2016-17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో సిగరెట్ తాగేవారు 4 శాతం కాగా, బీడీ తాగేవారు 7.7 శాతం. ప్రభాత్ ఝా, ఆయన సహచరులు మన దేశపు మరణాలను పరిశీలించి 2008లో వెల్లడించిన అధ్యయనంలో బీడీ తాగే మగవారి ఆయుష్షు సుమారు 6 ఏళ్లు, ఆడవారి ఆయుష్షు సుమారు 8 ఏళ్లు తగ్గుతున్నట్టు తేలింది. పొగ తాగే మగవారు క్షయతో చనిపోయే ప్రమాదం తాగనివారితో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ. క్షయ ఇంకా మన బస్తీలను వదలని రోగమని మనకు తెలుసు.

ఇక హుక్కా. నీళ్లలోంచి వచ్చిన పొగ శుభ్రపడుతుందని మన కుర్రవాళ్ల నమ్మకం. నీళ్లు పొగను చల్లబరుస్తాయి గానీ విషాన్ని కడిగేయవు. గంటసేపు హుక్కా ముందు కూర్చుంటే ఒక సిగరెట్‌తో లోపలికి పోయే పొగకు ఎన్నో రెట్లు పొగ లోపలికి పోతుంది. 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ చట్ట సవరణ చేసింది ఊరికే కాదు.

పక్కవారి వంతు

‘నా ఒళ్లు’ అన్న మాట సంగతి ఇది. అయితే ఆ పొగ ఆ ఒంటితోనే ఆగుతుందా? ఆగదని మొదట గట్టిగా చూపించినది జపాన్. తకేషి హిరాయామా అనే శాస్త్రవేత్త, తాము పొగ తాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్లపాటు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించారు. భర్త ఎంత ఎక్కువగా సిగరెట్లు తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం అంత పెరిగింది. విపరీతంగా తాగేవారి భార్యల్లో అది దాదాపు రెట్టింపైంది. సిగరెట్ కంపెనీలు ఈ లెక్కల మీద ఎన్నో సందేహాలు లేవదీశాయి. తర్వాత వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలు హిరాయామా చెప్పినదాన్నే నిలబెట్టాయి.

పసిపిల్లల సంగతి మరీ దయనీయం. వారి ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతుంటాయి. ఇంట్లో పొగ తాగే మనిషి ఉంటే పిల్లలకు ఆస్తమా, న్యుమోనియా, చెవిపోటు ఎక్కువగా వస్తాయి. గర్భిణి ఆ పొగ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదముంది. కిటికీ తీశాం, ఫ్యాను వేశాం అంటే సరిపోదు. పక్కవారి పొగ ఇంతవరకు పీల్చినా ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని వైద్యశాస్త్రం తేల్చింది. పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతుంటే, వారిలో 10 లక్షల మందికి పైగా అసలు పొగ తాగనివారే.

ఇంతకూ ఈ పొగ ఎక్కువగా ఎక్కడ పీలుస్తున్నాం? 2009-10 సర్వేలో మన దేశపు పెద్దల్లో 52.3 శాతం మంది సొంత ఇంట్లోనే పక్కవారి పొగ పీలుస్తున్నారని తేలింది. 2016-17 నాటికి అది 38.7 శాతానికి తగ్గింది. సంతోషమే. అయినా పదిమందిలో దాదాపు నలుగురు ఇంకా సొంత గడప లోపలే ఆ పొగ పీలుస్తున్నారు. మా దాదీ ఒక్కతే కాదన్నమాట.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

మన దేశంలో సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలన్న చట్టం 1975లో వచ్చింది. చీమ తలంత అక్షరాల్లో ఉన్న ఆ మాట చదివి మానినవాళ్లను మేము చూడలేదు. 1999 జూలైలో కేరళ హైకోర్టు మరో అడుగు వేసింది. బహిరంగ స్థలంలో పొగ తాగడం ఇతరుల జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పి నిషేధించింది. మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, విద్యాలయాలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో పొగ తాగడాన్ని దేశమంతటా నిషేధించింది. ఆ తీర్పుల వెనక ఉన్న వాదన ఒక్కటే. నువ్వు తాగే పొగ పీల్చడానికి పక్కవాడు ఒప్పుకోలేదు కదా!

2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. ప్రకటనలు నిషేధించారు. 18 ఏళ్లలోపు పిల్లలకు అమ్మకూడదన్నారు. బడికి, కాలేజీకి 100 గజాల లోపల అమ్మకూడదన్నారు. 2008 అక్టోబరు 2న గాంధీ జయంతి నాటి నుంచి కఠినమైన నియమాలు అమల్లోకి తెచ్చి పని చేసే చోట్లను, సినిమా హాళ్లను కూడా చేర్చారు. రూ. 200 వరకు జరిమానా పెట్టారు. 2009లో పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు మొదలయ్యాయి. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెలో 85 శాతం భాగాన్ని ఆ హెచ్చరికలే ఆక్రమించాయి. 2019లో ఈ-సిగరెట్లను నిషేధించారు.

చిల్లరిచ్చి మమ్మల్ని దుకాణానికి పంపిన మా దాదాను తలచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. ఈనాడు ఆ దుకాణదారు మా చేతికి సిగరెట్ ఇస్తే అది నేరం. బస్సులో మన పక్కన కూర్చున్నవాడు బీడీ వెలిగిస్తే మనం ధైర్యంగా వద్దనగలం. ఇదంతా చట్టం తెచ్చిన మార్పే.

కానీ ఇంత దూరం వచ్చిన చట్టం ఒక్కచోట ఆగిపోయింది. బస్సు ఎక్కింది, ఆఫీసులోకి వెళ్లింది, సినిమా హాల్లో కూర్చుంది. మన ఇంటి గడప దాటి మాత్రం లోపలికి రాలేదు. పసిబిడ్డ ఉయ్యాల పక్కన తండ్రి సిగరెట్ వెలిగిస్తే ఏ పోలీసూ వచ్చి జరిమానా రాయడు. అక్కడ కాపలా మనమే ఉండాలి.

బీడీ చుట్టే చేతులు

గడప లోపలి సంగతి చెప్పుకుంటూ మన అక్కచెల్లెళ్ల గోడు వదిలేస్తే అన్యాయమవుతుంది. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో వేలాది ఇళ్లు బీడీల మీద బతుకుతున్నాయి. వారిలో మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, దారం చుట్టి, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకుంటారు. ఆ కూలితోనే పిల్లల ఫీజులు కడతారు. ఆ తంబాకు దుమ్ము మాత్రం వారి గొంతులోకి, అదే గదిలో నిద్రపోయే పిల్లల గొంతులోకి పోతుంది. ఒక్క బీడీ తాగకుండానే నికోటిన్ చేతి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది.

వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పొగ తాగడం తగ్గించాలంటున్న ప్రభుత్వమే వారికి వేరే జీవనోపాధి చూపించాలి. 2004లో మన దేశం ఆమోదించిన ప్రపంచ పొగాకు నియంత్రణ ఒప్పందం 17వ అధికరణంలో, పొగాకు మీద బతికే రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయం చూపేందుకు తోడ్పడాలన్న మాట స్పష్టంగా ఉంది. గుంటూరు, ప్రకాశం వైపు పొగాకు రైతుకూ ఈ మాట వర్తిస్తుంది. ఆ మాట నిలబెట్టుకోమని అడిగే హక్కు మనకుంది. అంతవరకు చేట పిల్లలు పడుకునే గదిలో కాకుండా వసారాలో పెట్టుకున్నా కొంత మేలు.

పాదుషా ఆజ్ఞ, ప్రజల మాట

పొగాకును ఆపాలని చూసినవారు మనకంటే ముందూ ఉన్నారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ ఆకును 17వ శతాబ్దం తొలి ఏళ్లలో అసద్ బేగ్ అనే ఉద్యోగి మన దక్కనులోని బీజాపూర్ నుంచి అక్బర్ దర్బారుకు తీసుకెళ్లాడు. దర్బారు హకీము వద్దన్నా ఆకు ఆగలేదు. 1617లో జహంగీర్ పొగాకును నిషేధిస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. 1633లో తుర్కీ సుల్తాన్ నాలుగో మురాద్ అయితే పొగ తాగినవారికి మరణదండనే విధించాడు. అయినా జనం చాటుమాటుగా తాగుతూనే ఉన్నారు. భయం పెట్టి మాన్పించడం పాదుషాల వల్ల కూడా కాలేదు.

మరొక ఉదాహరణ చూడండి. 1890లో ఇరాన్ షా తన దేశపు పొగాకు వ్యాపారమంతటినీ ఒక ఆంగ్లేయుడికి ధారాదత్తం చేశాడు. 1891 డిసెంబరులో మీర్జా హసన్ షీరాజీ పేరిట పొగాకు వాడకూడదని ఫత్వా వెలువడింది. ఒక్కసారిగా దేశమంతా హుక్కాలు పక్కన పెట్టేసింది. షా అంతఃపురంలో స్త్రీలు సైతం మానేశారు. కొద్ది వారాల్లోనే ఆ ఒప్పందం రద్దయింది. అది ఆరోగ్యం కోసం కాదు, పరాయి పెత్తనాన్ని ఎదిరించడానికి జరిగిన పోరాటం. పని పూర్తయ్యాక హుక్కాలు మళ్లీ వెలిగాయి. కానీ ఒక సంగతి అప్పుడే రుజువైంది. మనసు ఒప్పుకుంటే ఈ అలవాటును రాత్రికి రాత్రి పక్కన పెట్టవచ్చు. కత్తి చేయలేని పనిని మనసు చేసింది.

పొగ తాగడం హరామా, మక్రూహా అన్న చర్చ ఉలమాల మధ్య శతాబ్దాలుగా నడిచింది. వైద్యశాస్త్రం దాని హానిని తేటతెల్లం చేశాక చాలామంది విద్వాంసులు నిషిద్ధమనే వైపు మొగ్గారు. ఫత్వాలు ఇవ్వడం మా పని కాదు. ఉల్లి, వెల్లుల్లి వాసనతో మసీదుకు వచ్చి పక్కవారిని ఇబ్బంది పెట్టవద్దని మహాప్రవక్త (స) వారించిన సంగతి మనందరికీ తెలిసిందే. వాసనకే అంత జాగ్రత్త చెప్పిన చోట, పక్కవారి ప్రాణానికి ముప్పు తెచ్చే పొగ గురించి మనం ఎంత ఆలోచించాలి?

మన చేతిలో ఉన్న సాక్ష్యం

‘మానలేకపోతున్నాం’ అనేవారికి రమజానే సాక్ష్యం చెబుతుంది. సహరీ నుంచి ఇఫ్తార్ వరకు 12 గంటలకు పైగా ఒక్క దమ్ము కూడా లేకుండా గడుపుతున్నారు. అదీ ఒక రోజు కాదు, నెల పొడుగునా. చివరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. 12 గంటలకు రక్తంలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతుంది. అంటే ఇఫ్తార్ వేళకు రోజాదారు రక్తం ఆ విషాన్ని వదిలించుకుని ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే మనం మళ్లీ అగ్గిపుల్ల గీస్తున్నాం!

మానిన తొలి రెండు, మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి సర్దుకుంటాయి. ఒక నెలకు సరిపోయే పోరాటం అది. ఏడాది నిలబడితే గుండెజబ్బు ప్రమాదం సగానికి తగ్గుతుంది. పదేళ్లు నిలబడితే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం తాగేవారితో పోలిస్తే దాదాపు సగమవుతుంది. డబ్బు లెక్క కూడా వేసుకోండి. రోజుకు పది సిగరెట్లంటే ఏడాదికి 3,650. మీ బ్రాండు ధరతో హెచ్చవేసి ఆ మొత్తం ఇంట్లో ఆడవారికి చూపించండి. దానితో ఏం చేయవచ్చో వారే చెబుతారు.

రమజాన్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ జుమా నుంచే మొదలుపెట్టవచ్చు. మొదట గడప లోపల ఎవరూ పొగ తాగకూడదన్న నియమం పెట్టుకుందాం. చుట్టాలకూ, స్నేహితులకూ, ఇంటి పెద్దకూ అదే నియమం. బయట తాగి వస్తే సరిపోయిందని కాదు, అది తొలి మెట్టు మాత్రమే. మసీదు కమిటీలు గేటు ముందు పొగ తాగవద్దని బోర్డు పెట్టడమే కాక, ఇఫ్తార్ తర్వాత ఆ మొదటి అరగంట కుర్రవాళ్లను కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడవచ్చు. ఆ అరగంట గడిస్తే కోరిక చాలావరకు మెత్తబడుతుంది. నోరు ఊరకుండలేకపోతే మిస్వాక్ ఉంది, మంచినీళ్లున్నాయి. ఒంటరిగా మానలేనివారు సిగ్గుపడనక్కర్లేదు. నికోటిన్ అంత గట్టిగా పట్టుకునే మత్తు. డాక్టరును అడిగితే మందులున్నాయి. 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీదే ముద్రిస్తున్న 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా ఇస్తారు. ఒకసారి మాని మళ్లీ మొదలుపెట్టినవారు నిరాశ పడవద్దు. పలుమార్లు ప్రయత్నించాకే నిలబడినవారు ఎందరో ఉన్నారు.

మా దాదా పట్నం నుంచి తిరిగొచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి రమజాన్‌లో మొదటి రోజు ఇఫ్తార్ అయ్యాక మేమంతా అలవాటుగా ఆయన మంచం చుట్టూ చేరాం. ఎవరిని దుకాణానికి పంపుతారా అని చూశాం. ఆయన జేబులోంచి చిల్లర తీసి మా చేతిలో పెట్టి, ‘మీ దాదీకి బత్తాయిలు పట్రండి’ అన్నారు. ఆ తర్వాత ఆయన సిగరెట్ ముట్టగా మేము చూడలేదు.

దాదీ దగ్గు పూర్తిగా తగ్గలేదు. అప్పటికే ఆలస్యమైంది. ఆ సంగతి దాదాకు తెలుసు. ‘ఆ డాక్టరు అడిగిన మాట ఎవరైనా నన్ను ఇరవై ఏళ్ల ముందు అడిగి ఉంటే బాగుండేది’ అని ఒకసారి అన్నారు.

ఆ మాట మనం మన ఇళ్లలో ఇవాళే అడుగుదాం. ఇంట్లో పొగ తాగేది ఎవరు?